మళ్ళీ మొలిచిన పాలపళ్ళు

"మా కోడలు కాలుజారి పడి చచ్చిపోయే మనిషి కాదు బాబూ," అంది పెద్దావిడ. "ఆ గదిలో నీళ్ళూ, ప్లాస్టర్ పొడీ తొక్కుతూ ఏళ్ళ తరబడి తిరిగింది. కళ్ళకి గంతలు కట్టినా కుళాయి ఎక్కడుందో, గట్టు ఎక్కడుందో చెప్పగలదు."

డిటెక్టివ్ కౌంటరుకి ఇవతల, రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని వింటున్నాడు. కౌంటరుకి అవతలి కుర్చీ పెద్దావిడది. కొడుకు పోయిన దగ్గర్నుంచీ కోడలి పళ్ళ ఆసుపత్రిలో ఆవిడ ఆ కుర్చీ వదల్లేదు. ఎవరిని ముందు లోపలికి పంపాలి, ఎవరి కట్టుడుపళ్ళు తయారై వచ్చాయి, ఎవరు నొప్పి తగ్గగానే మొహం చాటేశారు, అన్నీ ఆవిడకే తెలుసు. వచ్చేపోయేవాళ్ళలో చాలామంది ఇద్దరినీ తల్లీకూతుళ్ళనుకునేవారు. ఆ అత్తాకోడళ్ళు ఎప్పుడూ కాదని చెప్పిన పాపాన పోలేదు.

నిన్న పొద్దున డాక్టరమ్మ శవం లోపల, పళ్ళ అచ్చులు పోసే ప్లాస్టర్ గదిలో కనిపించింది. వెల్లకిలా పడి ఉంది. తల వెనక భాగం రాతిగట్టు అంచుకి తగిలింది. నేలంతా నీళ్ళు. పోలీసులు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, ప్రమాదమని తేల్చేసి శవాన్ని పెద్దాసుపత్రికి పంపించారు. పెద్దావిడ ఏడవలేదు. ఇవాళ పొద్దున్నే డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టి, లోపలికి కూడా రాకుండా, గుమ్మంలోనే నిలబడి, "మా కోడల్ని ఎవరు చంపారో నాకు కావాలి," అంది.

"మొన్నటి సాయంత్రం నుంచి చెప్పండి పెద్దమ్మా," అన్నాడు డిటెక్టివ్. "అక్కర్లేదనుకున్నది కూడా చెప్పండి."

"మొన్న ఆ పిల్లలు ఆరుగురూ వచ్చారు కదా. అందరి పళ్ళూ చూసింది. ఒక్కొక్కడి నోట్లో ఆ గులాబీరంగు ముద్ద పెట్టి అచ్చులు తీసింది. వాళ్ళకి చక్కిలిగిలి. ఒకటే నవ్వులు."

ఆ పిల్లల సంగతి డిటెక్టివ్‌కి తెలుసు. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. సముద్రం అవతల ఒక బీదదేశం. అక్కడొక అనాథాశ్రమం. ఇక్కడ పసుపు చొక్కాలు తొడుక్కున్న వాలంటీర్లు ఆదివారాలు కార్లు కడిగి, పాత పుస్తకాలు అమ్మి, ఉన్నిటోపీలు అల్లి, ఆ పిల్లల కోసం విరాళాలు పోగుచేస్తారు. ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క బిడ్డ పోషణ చూసుకుంటుంది. ఏడాదికొకసారి ఆ బిడ్డ ఫొటో వస్తుంది. దాన్ని ఫ్రేము కట్టించుకుని హాల్లో పెట్టుకుంటారు. డాక్టరమ్మకి టోపీలు అల్లడం రాదు. అందుకని పోయినేడు సొంత ఖర్చుతో ఆ ఆశ్రమానికే వెళ్ళి, అక్కడి పిల్లలందరి పళ్ళూ చూసి, ఈ ఊళ్ళో దాతలున్నవాళ్ళ అచ్చులు తీసుకుని వచ్చింది. ఈ ఏడు దాతలందరూ మా పిల్లల్ని మాకు ఒక్కసారి చూపించండని పట్టుబట్టారు. అలా మొట్టమొదటిసారి ఆరుగురు పిల్లలు ఈ ఊరొచ్చారు. తమను పోషిస్తున్నవాళ్ళ ఇళ్ళలోనే ఉంటున్నారు.

"ఆ పిల్లల్ని చూసి డాక్టరమ్మ గుర్తుపట్టిందా?"

"అదే అడిగాను. 'నాకు మొహాలు గుర్తుండవత్తయ్యా, నోళ్ళే గుర్తుంటాయి' అని నవ్వింది." ఆవిడ కొంగు నడుముకి బిగించింది. "నవ్వు అంతవరకే. సాయంత్రం అచ్చులు గట్టిపడ్డాక పోయినేటివి కూడా బయటికి తీసి బల్లమీద పేర్చుకుని కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. వెళ్ళి చూస్తే మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు. నన్ను చూసి, 'అత్తయ్యా, పిల్లలు ఎదుగుతారు గానీ వెనక్కి తగ్గరు కదా?' అంది. ఇదేం పిచ్చి ప్రశ్నే అన్నాను. అలా అనకపోయినా బాగుండేది."

"తర్వాత?"

"ఎవరికో ఫోన్లు చేసింది. ఒకటి నా చెవిన పడింది. 'ఒకటే ప్రశ్న. దానికి జవాబు చెప్పండి చాలు. చెప్పకపోతే రేపు మైకులో అందరిముందూ అడుగుతాను' అంది. ఎవరితోనో నాకు తెలీదు. పొద్దున్నే లేచి, నడక కార్యక్రమానికి వెళ్ళే ముందు ఆసుపత్రిలో చిన్న పనుందని పక్కనున్న మా ఇంట్లోంచి ఇక్కడికి వచ్చింది. అంతే."

నడక కార్యక్రమం అంటే నిన్న పొద్దున ఆ పిల్లల కోసం వాలంటీర్లు పెట్టిన విరాళాల నడక. ఊరు ఊరంతా పసుపు చొక్కాలతో నడిచింది. ముగింపులో వేదికమీద డాక్టరమ్మ మాట్లాడాలి. ఆవిడ వంతు వచ్చింది, ఆవిడ రాలేదు.

"బావా! నువ్విక్కడ ఏం చేస్తున్నావు?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. డిటెక్టివ్ భార్యకి సొంత తమ్ముడు. యూనిఫాం మెడ దగ్గర లోపలి పసుపు చొక్కా అంచు కనిపిస్తోంది.

"పన్ను నొప్పి," అన్నాడు డిటెక్టివ్.

"వేళాకోళాలొద్దు. ఈ కేసు మూసేశాం. కాగితాలు పైకి వెళ్ళబోతున్నాయి. పెద్దావిడ పుట్టెడు దుఃఖంలో ఉంది. ఆవిడకి లేనిపోని అనుమానాలు పుట్టించకు."

"పుట్టించింది నేనే బాబూ," అంది పెద్దావిడ. "ఈయన్ని పిలిపించిందీ నేనే. ఇది మా ఆసుపత్రి."

ఇన్‌స్పెక్టర్ ఆవిడని ఏమీ అనలేక బావ మీదికి తిరిగాడు. "డిపార్టుమెంట్ వదిలేసినా నీ జల్లెడ బుద్ధి మాత్రం పోలేదు."

పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో డిటెక్టివ్‌ని అందరూ వెనకాల 'జల్లెడ' అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఒక్క బావమరిదికే ఉండేది.

"సరే, జల్లెడ పడదాం పద," అంటూ డిటెక్టివ్ లేచాడు. "ఆ గది నువ్వే చూపించు. తప్పని తేలితే మీ అక్క చేతి కాఫీ తాగి వెళ్ళిపోతాను."

ప్లాస్టర్ గది ఇరుకైనది. ఒక పక్క రాతిగట్టు, దానిమీద కుళాయి. గట్టు పక్కన మూతి విప్పిన ప్లాస్టర్ బస్తా. ఎదురుగా నల్ల రేకు పరిచిన బల్ల. నేల ఇప్పుడు ఆరిపోయింది, అక్కడక్కడ తెల్లటి గడ్డలు కట్టి ఉంది. మూలన చెత్తబుట్ట. బస్తా పక్కన ఆవిడ చెప్పులు.

"ఇక్కడ పడింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కుళాయి తిప్పి ఉంది. నీళ్ళు నేలమీదికి పొర్లాయి. కాలు జారింది, తల గట్టుకి కొట్టుకుంది. చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది."

"కుళాయి ఎందుకు తిప్పింది?"

"ప్లాస్టర్ కలపడానికి."

డిటెక్టివ్ గోడకి తగిలించి ఉన్న రబ్బరు గిన్నెని కిందికి దించి, లోపలికి వేలు పెట్టాడు. శుభ్రంగా ఉంది. పక్కనున్న కలిపే గరిటె కూడా అంతే.

"కలపలేదు. పోనీ, చేతులు కడుక్కోవడానికే అనుకుందాం. పడినప్పుడు కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"చెప్పులతోనే బస్తా మీదికి లేచి ఉన్నాయి. ఫొటోలో ఉంది."

"అంటే పడ్డాక చెప్పులకి నీళ్ళు తగల్లేదు." డిటెక్టివ్ ఒక చెప్పు తీసి అడుగు భాగాన్ని కిటికీ వైపు తిప్పాడు. గాట్ల నిండా తెల్లటి పొడి. ఉఫ్ మని ఊదాడు. పొగలా లేచింది. "ప్లాస్టర్‌కి నీళ్ళు తగిలితే రాయవుతుందోయ్. నేలమీద చూడు, ఎలా గడ్డకట్టిందో. నీళ్ళలో కాలుపెట్టి జారిన మనిషి చెప్పు కింద ఈ పొడి ఇంత పొడిగా ఎలా ఉంది?"

ఇన్‌స్పెక్టర్ చెప్పు అందుకుని గాట్లమీద వేలు రాశాడు.

"ఆవిడ పడినప్పుడు నేల పొడిగానే ఉంది. కుళాయి తర్వాత తిప్పారు. చచ్చిపోయినావిడ లేచి తిప్పలేదు కదా."

"ఒక్క చెప్పు పట్టుకుని హత్య అంటావా బావా? కోర్టులో నవ్వుతారు."

"ఇంకా ఉంది. నవ్వేది చివర్లో నవ్వుదువుగాని."

నల్లబల్ల మీద సన్నటి తెల్లదుమ్ము పరుచుకుని ఉంది. ఆ దుమ్ములో లాడాల ఆకారంలో ఖాళీలు. పక్కపక్కనే రెండేసి చొప్పున, వరసగా పెట్టి తీసేసినట్టున్నాయి. డిటెక్టివ్ వాటిని వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. తర్వాత మూలన ఉన్న చెత్తబుట్టని బల్లమీద బోర్లించాడు. తెల్లటి పొడీ, చిన్న చిన్న ముక్కలూ జారిపడ్డాయి.

"అచ్చులే అవి. చేత్తో పట్టుకుని ఉంటుంది. పడినప్పుడు పగిలిపోయాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేలమీదున్న ముక్కల్ని మా కానిస్టేబులే ఎత్తిపోశాడు, కాలికి గుచ్చుకుంటాయని."

"పెద్దమ్మా, టీ వడకట్టేది ఒకటి ఇస్తారా?"

ఆవిడ తెచ్చిచ్చింది. డిటెక్టివ్ గుప్పెడు గుప్పెడు తీసి వడకట్టాడు. అడుగున పొడి గుట్టగా చేరింది. పైన ముక్కలు మిగిలాయి. ఒక చిన్న దంతం. సగం దవడ. ఇంకో దంతం. బియ్యపుగింజంత చిన్నది.

"కిందపడితే ముక్కలవుతాయి. ఇవి పిండయ్యాయి. ఎవరో బూటుకాలితో తొక్కి తొక్కి నలిపారు. ఇంకో సంగతి. పెద్దమ్మా, ఏ అచ్చు ఏ బిడ్డదో ఆవిడకి ఎలా తెలిసేది?"

"అడుగున పెన్సిలుతో పేరూ, సంవత్సరమూ రాసేది."

"ఇందులో అడుగులు లేవు. పళ్ళున్నాయి, చిగుళ్ళున్నాయి, పేరున్న ముక్క ఒక్కటీ లేదు. ఏరుకుని పట్టుకుపోయారు."

ఇన్‌స్పెక్టర్ ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "పళ్ళ అచ్చుల కోసం మనిషిని చంపుతారా ఎవరైనా? ఏముంది వీటిలో?"

"అదే తెలీదు. కానీ ఒకటి తెలుసు. పిల్లలు ఆరుగురు. పోయినేటి అచ్చొకటీ, ఈ ఏటి అచ్చొకటీ, జతలుగా పెట్టుకుంది. బల్లమీద గుర్తులు ఐదు జతలకే ఉన్నాయి. ఆరో జత ఏమైంది?"

ముందుగదిలో ఎవరో వచ్చిన అలికిడైంది. ఇద్దరూ అటు వెళ్ళారు.

వచ్చినాయన పెద్దావిడ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని నిలబడి ఉన్నాడు. వాలంటీర్ల సంస్థ కార్యదర్శి. వయసుతో నిమిత్తం లేకుండా ఊరంతా ఆయన్ని 'అన్నయ్య' అనే పిలుస్తుంది. ఆశ్రమంతో ఉత్తర ప్రత్యుత్తరాలూ, ఫొటోలూ, పిల్లల ప్రయాణమూ అన్నీ ఆయన చేతిమీదుగానే జరుగుతాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు బొంగురుపోయింది.

"ఏం చెప్పమంటారమ్మా. చెల్లెలు పోయినట్టుంది. పిల్లలు కూడా ఒకటే అడుగుతున్నారు, పళ్ళ డాక్టరమ్మ ఏది, పళ్ళ డాక్టరమ్మ ఏది అని." జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "వాళ్ళ పళ్ళకి అచ్చులు తీసింది కదా పాపం. అవేమైనా మిగిలాయా అమ్మా? ఉంటే ఇవ్వండి. ఆశ్రమంలో అద్దాల బీరువాలో ఆవిడ గుర్తుగా పెట్టుకుంటాం."

"మిగిలాయా, అన్నారేం?" అన్నాడు డిటెక్టివ్ వెనకనుంచి.

కార్యదర్శి తిరిగి చూశాడు. "మీరు?"

"పెద్దావిడ తరఫు మనిషిని. ఉన్నాయా అని అడగొచ్చు కదా. మిగిలాయా అన్నారు. మిగతావి ఏమైపోయాయని మీ ఉద్దేశం?"

కార్యదర్శి నొచ్చుకున్నట్టు నవ్వాడు. "పడినప్పుడు పగిలిపోయాయటగా. ఇన్‌స్పెక్టర్‌గారే చెప్పారు. ఏమండీ, చెప్పలేదూ?"

ఇన్‌స్పెక్టర్ కనుబొమలు ముడిపడ్డాయి. "ఆఁ... చెప్పే ఉంటాను."

"డాక్టరమ్మ మొన్న మీకు ఫోన్ చేసిందా?"

"రోజూ చేస్తుంది. కార్యక్రమాలు నడిపేవాళ్ళం కదా. వేదికమీద ఎంతసేపు మాట్లాడాలని అడిగింది."

"ఒకటే ప్రశ్న అడిగిందట."

"అదే ఆ ప్రశ్న," అన్నాడు కార్యదర్శి తడుముకోకుండా.

"నిన్న నడక మొదలైనప్పుడు జెండా ఊపింది మీరు. ముగింపులో పతకాలు వేసింది మీరు. మధ్యలో ఎక్కడున్నారు?"

"నడుస్తున్నాను. అందరితోపాటే."

"ఎవరి పక్కన?"

"నా పక్కన!" ఇన్‌స్పెక్టర్ గొంతు ఖంగుమంది. "నా పక్కనే నడిచాడు. మా ఇంటికొచ్చిన బుజ్జిగాణ్ణి నేను భుజాలమీద కూర్చోబెట్టుకుంటే వాడి బూటు ఊడిపోతే తొడిగింది అన్నయ్యే. ఇంక చాలు బావా. దుఃఖంలో ఉన్న మనిషిని ఇలా నిలదీయడానికి నీకేం అధికారం ఉంది?"

కార్యదర్శి చేయెత్తి వారించాడు. "పోనివ్వండి. ఆయన పని ఆయన చేస్తున్నారు." పెద్దావిడ వైపు తిరిగాడు. "అచ్చులు కనిపిస్తే నాకొక్కడికే కబురు చెయ్యండమ్మా. వస్తాను. పిల్లల దగ్గరికి వెళ్ళాలి." మెట్లమీద ఆయన అడుగుల చప్పుడు ముందు నెమ్మదిగా, తర్వాత గబగబా వినిపించింది.

"మిగిలాయా అన్నాడని మనిషిని ఉరితీస్తావా?" ఇన్‌స్పెక్టర్ మండిపడ్డాడు. "అన్నయ్య ఎవరో తెలుసా నీకు? నీకు కూతురుంది బావా. నీకేం తెలుస్తుంది? మేం తిరగని ఆసుపత్రి లేదు. నాలుగేళ్ళ కిందట ఆయన మా ఇంటికొచ్చి మా ఆవిడ చేతిలో ఒక ఫొటో పెట్టాడు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో దీపం వెలిగినట్టుంది." పర్సు తీసి చూపించాడు. లోపల నాలుగు ఫొటోలు ఒకదాని వెనక ఒకటి. గుండు తలలు, ఒకే నీలం చొక్కా, ఒకేలాంటి బెరుకు చూపు. "ఇప్పుడు వాడు మా ఇంట్లో తిరుగుతున్నాడు. నా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నడుస్తున్నాడు. వాడిమీద ఏ నీడా పడనివ్వను."

డిటెక్టివ్ ఆ ఫొటోల వంక చూసి, గొంతు తగ్గించాడు. "అచ్చులు పగిలిన సంగతి నువ్వు నిజంగా ఆయనకి చెప్పావా?"

"చెప్పే ఉంటానన్నానుగా."

"చెప్పావా?"

ఇన్‌స్పెక్టర్ పర్సు మూసి జేబులో పెట్టుకున్నాడు.

డిటెక్టివ్ పెద్దావిడని అడిగాడు. "డాక్టరమ్మ ఏదైనా ఒకరి చేతికే ఇవ్వాలనుకుంటే ఎక్కడ పెడుతుంది?"

"ఇంకెక్కడ? ఈ సొరుగులోనే. తయారైన కట్టుడుపళ్ళన్నీ ఇందులోనే పెడతాం. వాళ్ళొస్తే నేనే తీసిస్తాను." ఆవిడ సొరుగు లాగింది. చిన్న చిన్న అట్టపెట్టెలు. ఒక్కొక్కదానిమీద పేరున్న తెల్లటి పట్టీ. వాటిని జరుపుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. ఇన్‌స్పెక్టర్ వైపు ఇబ్బందిగా చూసింది. "ఇది నిన్న పొద్దున వచ్చి పెట్టినట్టుంది. మీదే బాబూ. ఈ వయసులో కట్టుడుపళ్ళేమిటా అనుకున్నాను. నలుగురిలో అడిగితే బాగోదని..."

పట్టీమీద డాక్టరమ్మ చేతిరాత: *ఇన్‌స్పెక్టర్ గారికి. చేతికే ఇవ్వాలి.*

ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు మారింది. "మొన్న నాకు ఫోన్ చేసింది. మీవాడి పళ్ళ గురించి మాట్లాడాలి, పొద్దున్నే రండి అంది. పుచ్చిపళ్ళేమోలే, నడక అయ్యాక వెళ్దామనుకున్నాను."

"తెరువు."

దూదిలో పొదిగి రెండు తెల్లటి అచ్చులున్నాయి. రెండూ పై దవడవే. ఇన్‌స్పెక్టర్ రెండింటినీ తీసి కౌంటరు మీద పెట్టాడు. తిరగేసి చూస్తే రెండింటి అడుగునా ఒకటే పేరు, ఆ పిల్లాడి పేరు. ఒకదానిమీద పోయిన సంవత్సరం. రెండోదానిమీద ఈ సంవత్సరం.

"బాగానే ఉన్నాయిగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పుచ్చులు కూడా లేవు."

డిటెక్టివ్ రెండింటి ముందుపళ్ళనూ వేలితో తడిమి చూశాడు. "పోయిన నెల నీ మేనకోడలు నీ ఒళ్ళో కూర్చుని ఆపిల్ పండు కొరుకుతుంటే ఏమైంది?"

"ముందుపన్ను ఊడింది. నా చేతిలోనే పడింది. ఇప్పుడెందుకది?"

"ఇప్పుడా చోట ఎలాంటి పన్ను వస్తోంది?"

"పెద్దది. వెడల్పుగా. అంచు రంపంలా ఉందని నేనే ఏడిపించాను." ఇన్‌స్పెక్టర్ చూపు కౌంటరు మీదికి జారింది.

పోయినేటి అచ్చులో ముందు రెండు పళ్ళూ పెద్దవి. వెడల్పుగా, రంపంలాంటి అంచులతో, పూర్తిగా దిగి ఉన్నాయి. ఈ ఏటి అచ్చులో అదే చోట చిన్న చిన్న పళ్ళు, బియ్యపుగింజల్లా, ఒకదాన్నొకటి ఆనుకుని, చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాలపళ్ళు. ఒక్కటీ ఊడలేదు.

"ఇవి తారుమారయ్యాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సంవత్సరాలు తప్పు రాసింది."

"ఈ ఏటిది మొన్ననే తీసింది. ముట్టుకుని చూడు, ఇంకా చెమ్మగానే ఉంది. నీ ఇంట్లో ఉన్నవాడి పళ్ళు నువ్వు చూశావు. పాలపళ్ళేనా?"

"పాలపళ్ళే. నవ్వితే... పాలపళ్ళే."

"రాలిపోయిన పాలపళ్ళు మళ్ళీ మొలుస్తాయా?"

పెద్దావిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "వెనక్కి తగ్గరు కదా అంది," అని గొణిగింది. "అమ్మా, ఇదా నువ్వడిగింది! ఇదా తల్లీ!"

ఇన్‌స్పెక్టర్ పర్సు లాగి ఫొటోలు నాలుగూ కౌంటరు మీద పరిచాడు. ఒకటి కింద పడింది. వంగి తీసుకున్నాడు. గుండు తలలు. నీలం చొక్కాలు. నాలుగేళ్ళుగా రోజూ చూసుకున్న ఫొటోలు. మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. ఒక ఫొటోలో చెవి తమ్మె అతుక్కుని ఉంది. దాని పక్క ఫొటోలో వేలాడుతోంది. ఇంకోదాంట్లో కనుబొమ మీద గాటు ఉంది. తర్వాతి ఏడు లేదు.

"నలుగురు," అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు. "బావా, వీళ్ళు నలుగురు."

"పేరొకటే. పిల్లలు మారుతున్నారు. ఫొటోలు చూసినవాళ్ళు ఎదుగుతున్నాడులే అనుకుంటారు. నోళ్ళు చూసిన మనిషి ఒక్కతే."

"అయితే పోయినేటివాడు ఎక్కడున్నాడు? అంతకుముందువాడు? మావాడనుకుని నేను పుట్టినరోజులు చేసిన వీళ్ళందరూ ఎక్కడున్నారు?" అతను డిటెక్టివ్ చొక్కా పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు అతనికే తెలియలేదు. "ఏం చేశారు వీళ్ళని?"

డిటెక్టివ్ అతన్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నేను చెప్పలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఉన్నట్టుండి. "అచ్చులు పగిలాయని నేనతనికి చెప్పలేదు. నడకలో కూడా మొదట్లోనే నా పక్కనున్నాడు. పిల్లలకి నీళ్ళు తెస్తానని వెనకబడ్డాడు. మళ్ళీ వేదిక దగ్గరే కనిపించాడు. బట్టలు మార్చుకుని ఉన్నాడు. చెమట పట్టిందన్నాడు. నేను... నేనే సాక్ష్యం చెప్పాను బావా. ఆవిడ నన్ను పిలిచింది. నేను వచ్చుంటే..."

"అది తర్వాత. ఆరో జత కోసం వచ్చాడు, దొరకలేదు. మన అనుమానం అతనికి అర్థమైంది. పిల్లలు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు. ముందు ఇంటికి ఫోన్ చెయ్యి."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ స్పీకర్లో పెట్టి కౌంటరు మీద ఉంచాడు.

"మీకే చేద్దామనుకుంటున్నానండీ," అంది అతని భార్య. ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతు. "పిల్లాడు వచ్చినప్పట్నుంచీ ఒక మాట అంటున్నాడు కదా, నన్ను చూసి. నన్నే అమ్మా అని పిలుస్తున్నాడనుకుని మురిసిపోయాను. ఇందాక ఫోన్లో తర్జుమా చేసేది ఉంది కదా, అది వాడి నోటి దగ్గర పెట్టాను. ఏమందో తెలుసా? 'మా అమ్మ ఇంటి దగ్గర ఉంది. బడికని చెప్పి తీసుకొచ్చారు. అమ్మ ఎదురుచూస్తుంది. నన్ను పంపించండి.' మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అదే. వీడు అనాథ కాదండీ. వీడికి అమ్మ ఉంది."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకున్నాడు. "విను. తలుపు గడియ వేసుకో. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకో. నేను వచ్చేవరకూ ఎవరొచ్చినా, ఎవరొచ్చినా సరే, వాణ్ణి ఇవ్వకు."

"ఎవరొచ్చినానా?" అందామె.

"వినిపిస్తోందా?"

"అన్నయ్యగారు వచ్చారు కదండీ. ఇప్పుడే, పది నిమిషాలైంది. డాక్టరమ్మ పోయినప్పట్నుంచీ పిల్లలు బెంగపెట్టుకున్నారు, ఇవాళే వెనక్కి పంపించేస్తున్నాం అన్నారు. మిగతా పిల్లలు అప్పటికే వ్యానులో ఉన్నారు. ఈ అమ్మ సంగతి ఆయనకే చెప్పాను. ఆయనైతే కనుక్కుంటారని. అంతా విని, నేను చూసుకుంటానమ్మా అన్నారు."

డిటెక్టివ్ అప్పటికే గుమ్మం దాటాడు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ అందుకోబోయాడు. చెయ్యి దానిమీదే ఆగిపోయింది. ఫోన్లో ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"వాడు వెళ్ళనన్నాడండీ. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అన్నయ్యగారు లాగినా రాలేదు. వ్యానుకి ఆలస్యమవుతోందన్నారని... వాడి వేళ్ళు నేనే విడదీశాను. ఒక్కొక్కటీ నేనే విడదీశాను."